మూత పట్టకపోతే దానా సంచి దగ్గర మొదలుపెట్టు

ప్రశ్న: నాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేశాను. ఈ మధ్యే పైడిభీమవరం వైపు, మందుల కంపెనీలకు ప్లాస్టిక్ సీసాలు, మూతలు చేసి ఇచ్చే ఒక చిన్న యూనిట్‌లో క్వాలిటీ ట్రైనీగా చేరాను. సీసాలు హెచ్‌డీపీఈ (హై డెన్సిటీ పాలిథిలీన్), మూతలు పీపీ (పాలీప్రొపిలీన్) అని మాత్రం తెలుసు. ఫ్లోర్ మీద అందరూ ఎంఎఫ్ఐ, ష్రింకేజ్, సిల్వర్, రీగ్రైండ్ అని మాట్లాడుకుంటుంటే తలూపడం తప్ప నాకేమీ అర్థం కావడం లేదు. పైగా నేను కొలిచినప్పుడు సరిగ్గా ఉన్న మూత మర్నాటికి కొలత తప్పుతోంది. నాకు కొలవడం రాదంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంగ్లిష్ పుస్తకం ఒకటి కొన్నాను, మొదటి అధ్యాయం దాటలేకపోయాను. తోటి ఉద్యోగి ఒకరు ప్లాస్టిక్ చదువులు చెప్పే సిపెట్‌లో చేరమంటున్నారు. ప్లాస్టిక్‌ని ప్రభుత్వమే నిషేధిస్తోంది, ఆ పని మానేసి బీఈడీ చెయ్యమంటున్నారు నాన్నగారు. నేనేం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు ఆ మూత సంగతి తేల్చుకుందాం. నిద్ర పట్టాకే మిగతా ఆలోచనలు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే నీ కొలతలో తప్పు ఉండకపోవచ్చు. వేడి మీద కొలిచి ఉంటావు.

పాలీప్రొపిలీన్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. వేడిగా కరిగి ఉన్నప్పుడు దాని అణువుల గొలుసులు చిందరవందరగా ఉంటాయి. చల్లారే కొద్దీ వాటిలో చాలా భాగం వరసగా సర్దుకుని స్ఫటికాలవుతాయి. వరసగా సర్దుకున్నవాటికి తక్కువ చోటు చాలు. అందుకే పీపీ వస్తువు అచ్చు కొలత కంటే సుమారు 1 నుంచి 2 శాతం దాకా చిన్నదవుతుంది. ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌లు స్ఫటికాలు కట్టవు కాబట్టి వాటిలో ఇది అర శాతం చుట్టుపక్కలే ఉంటుంది. మూత వ్యాసం 38 మిల్లీమీటర్లు రావాలి, ష్రింకేజ్ (ఈ ముడుచుకోవడం) ఒకటిన్నర శాతం అనుకుందాం. అప్పుడు మోల్డ్‌లో, అంటే అచ్చులో, ఆ కొలతను 38.6 దగ్గర చెక్కుతారు. ఆ పైనున్న అర మిల్లీమీటరు చిల్లర మెషీన్‌లోంచి మూత పడగానే పూర్తిగా మాయమైపోదు. మొదటి గంటల్లో ఎక్కువగా, ఆ తర్వాత ఒక రోజు దాకా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. బుట్టలోంచి వెచ్చగా ఉన్న మూత తీసి వెర్నియర్ పెడితే వచ్చే అంకె మర్నాటి అంకె కాదు.

కాబట్టి రేపటి నుంచి ఇలా చెయ్యి. మెషీన్ దగ్గర తీసిన మూతల మీద టైము, కేవిటీ నంబరు (మోల్డ్‌లోని ఏ గుంటలో తయారైందో చెప్పే అంకె) రాసి పక్కన పెట్టు. వాటినే 24 గంటల తర్వాత, ఏసీ ఉన్న క్వాలిటీ గదిలో మళ్లీ కొలువు. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకో. వారం తిరిగేసరికి వేడి కొలతకూ చల్లారిన కొలతకూ మధ్య ఎంత తేడా వస్తోందో తెలుస్తుంది. అప్పుడు మెషీన్ దగ్గరే, ఈ మూత రేపటికి తక్కువ అవుతుందని చెప్పగలవు. ఆ కాగితం తీసుకెళ్లి షిఫ్ట్ ఇన్‌చార్జికి చూపించు. కొలవడం రాదన్న మాటకు అదే జవాబు.

ఆ కాగితం మీదే ఇంకో గడి గీసి మోల్డ్‌లోకి వెళ్లే చల్లటి నీళ్ల ఉష్ణోగ్రత కూడా రాయి. నీళ్లని చల్లబరిచే చిల్లర్ సరిగా పనిచేయక ఎండాకాలం మధ్యాహ్నాల్లో నీళ్లు వేడెక్కితే మూత మోల్డ్‌లో నెమ్మదిగా చల్లారుతుంది. నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు ఎక్కువ కడతాయి, ముడుచుకోవడమూ పెరుగుతుంది. పొద్దున షిఫ్టు మూతలు పట్టి, మధ్యాహ్నం షిఫ్టు మూతలు పట్టకపోతే చాలాసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. హోల్డింగ్ ప్రెషర్ తగ్గినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే మూత ముడుచుకుంటున్నప్పుడు వెనక నుంచి ఇంకాస్త సరుకు నెట్టి ఆ లోటు పూడ్చేది ఆ ఒత్తిడే.

ఇక ఎంఎఫ్ఐ. మెల్ట్ ఫ్లో ఇండెక్స్ అంటే కరిగిన ప్లాస్టిక్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె. పీపీ అయితే 230 డిగ్రీల దగ్గర, పాలిథిలీన్ అయితే 190 డిగ్రీల దగ్గర కరిగించి, పైన 2.16 కిలోల బరువు పెట్టి, సన్నని రంధ్రంలోంచి పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారిందో తూస్తారు. అంకె పెద్దదైతే పలచన, చిన్నదైతే చిక్కన. ఇది తెలిస్తే నీ యూనిట్‌లోనే రెండు రకాల దానా (ప్లాస్టిక్ గుళికలు) ఎందుకు కొంటున్నారో అర్థమైపోతుంది.

మూతకి పలచని సరుకు కావాలి. మోల్డ్‌లోకి సరుకు వెళ్లే సన్నని దారి, అంటే గేట్‌లోంచి దూరి, మూత మర గాడి చివరిదాకా క్షణాల్లో నిండాలి. అందుకని ఇంజెక్షన్‌కి (కరిగిన సరుకుని ఒత్తిడితో మోల్డ్‌లోకి నెట్టే పద్ధతికి) వాడే పీపీ ఎంఎఫ్ఐ సాధారణంగా పది, ఆపైన ఉంటుంది. సీసా సంగతి పూర్తిగా వేరు. ఎక్స్‌ట్రూజన్ బ్లో పద్ధతిలో కరిగిన హెచ్‌డీపీఈ ముందు గొట్టంలా కిందికి వేలాడుతుంది. దాన్నే పారిసన్ అంటారు. మోల్డ్ మూసుకుని గాలి ఊదేదాకా అది తన బరువు తానే మోసుకోవాలి. పలచని సరుకైతే సాగి జారిపోతుంది, సీసా పైభాగం పలచబడి అడుగు మందమవుతుంది. అందుకని బ్లో గ్రేడ్ హెచ్‌డీపీఈ ఎంఎఫ్ఐ ఒకటి లోపే ఉంటుంది. మీ దగ్గర ఉన్నది ఇంజెక్షన్ బ్లో మెషీన్ అయితే పారిసన్ ఉండదు. లోపలి కడ్డీ మీద ముందు చిన్న ప్రిఫారం (సీసాకి తొలి రూపం) పోసి, అదే కడ్డీ మీద ఇంకో మోల్డ్‌లోకి తిప్పి ఊదుతారు. మెడ కొలత దాంట్లో కచ్చితంగా వస్తుంది. అందుకే మాత్రల సీసాలకు ఆ పద్ధతి అంటే ఇష్టపడతారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. సరుకుతో వచ్చే సర్టిఫికెట్‌లో ఎంఎఫ్ఐ పక్కన ఏ బరువుతో తీశారో చూడు. హెచ్‌డీపీఈకి 2.16 కిలోలతో పాటు 5 కిలోలు, 21.6 కిలోలతో కూడా తీస్తారు. 5 కిలోల అంకెను 2.16 అంకెతో పోల్చి, సరుకు మారిపోయిందని గొడవ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఎంఎఫ్ఐతో ఇంకో పని కూడా చేయించుకోవచ్చు, చాలామంది దీన్ని వాడుకోరు. మీ ల్యాబ్‌లో ఆ యంత్రం ఉంటే ముందు పీపీ దానా ఎంఎఫ్ఐ తీయి. తర్వాత అదే లాట్‌తో పోసిన మూతను ముక్కలు చేసి దాని ఎంఎఫ్ఐ తీయి. పీపీ ఎక్కువ వేడికి గురైతే, లేదా మెషీన్‌లో సరుకు కరిగే గొట్టం, అంటే బ్యారెల్‌లో ఎక్కువసేపు నిలిచిపోతే దాని గొలుసులు తెగుతాయి. తెగిన సరుకు పలచబడుతుంది, అంకె పెరుగుతుంది. దానాకీ మూతకీ తేడా కొద్దిగా ఉండటం మామూలే. బాగా ఎక్కువ ఉందంటే బ్యారెల్‌లో సరుకు దెబ్బతింటోందని అర్థం. మూత కంటికి బాగానే కనిపిస్తుంది, కిందపడితే మాత్రం పగులుతుంది. మందుల సీసా మూత పగిలితే లోపలికి తేమ పోతుంది. మాత్రలు పాడవుతాయి. నువ్వు చేసే పనికి అవతల ఒక రోగి ఉన్నాడమ్మా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మెషీన్ విషయానికొస్తే, మన జిల్లాలో బుడితి ఇత్తడి పని చూసే ఉంటావు, లేదా వినే ఉంటావు. కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తే తన బరువుకే మూలమూలకీ దిగుతుంది. ప్లాస్టిక్ అలా దిగదు. ఎంత కరిగినా బంకలాగే ఉంటుంది. దాన్ని అచ్చులోకి తొయ్యాలంటే వందల బార్ల ఒత్తిడి కావాలి. ఇంజెక్షన్ మెషీన్ ఆకారమంతా ఈ ఒక్క కారణం చుట్టూ తిరుగుతుంది. లోపల స్క్రూ తిరుగుతూ దానాని ముందుకు తెచ్చి నలిపి కరిగిస్తుంది, తర్వాత అదే స్క్రూ ఒక్కసారిగా ముందుకు దూసుకొచ్చి కరిగిన సరుకుని మోల్డ్‌లోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి మోల్డ్ తెరుచుకోకుండా రెండోవైపు నుంచి టన్నుల బలంతో బిగించి పట్టుకుంటారు. మెషీన్‌ని నూట యాభై టన్నులది, రెండు వందల టన్నులది అని పిలిచేది ఆ బిగింపు బలాన్ని బట్టే. బిగింపు చాలకపోతే అంచుల్లోంచి పలచగా సరుకు బయటికి వస్తుంది, అదే ఫ్లాష్. తొయ్యడం చాలకపోతే మూత సగమే నిండుతుంది, అదే షార్ట్. స్క్రూ కరిగించే వేడిలో చాలా భాగం హీటర్ల నుంచి కాదు, నలిగేటప్పుడు పుట్టే రాపిడి నుంచి వస్తుంది. అందుకే హీటర్ సెట్టింగ్ ముట్టుకోకపోయినా స్క్రూ వేగం పెంచితే సరుకు వేడెక్కుతుంది.

సిల్వర్ అంటే వస్తువు మీద వెండి రంగు చారలు. ఎక్కువగా తేమ వల్ల వస్తాయి. కానీ పీపీ, హెచ్‌డీపీఈ తేమ పీల్చుకోవు. నైలాన్, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), పాలీకార్బొనేట్, ఏబీఎస్ పీలుస్తాయి. పెట్ దానాని సుమారు 160 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టి, తేమని పది లక్షల్లో యాభై వంతుల లోపుకి దించితే తప్ప పొయ్యకూడదు. తేమతో కరిగిస్తే నీళ్లే దాని గొలుసుల్ని తెంపేస్తాయి. జలవిశ్లేషణ నీకు తెలిసిందే. మరి మీ పీపీ మూత మీద సిల్వర్ కనిపిస్తే? దానా ఆరబెట్టలేదని అందరూ అంటారు. నువ్వు మాస్టర్‌బ్యాచ్ వైపు చూడు. రంగు కోసం కలిపే ఆ గుళికలకు చెమ్మ పట్టి ఉండొచ్చు. ఏసీ గదిలోంచి తెచ్చిన చల్లటి సంచిని మన తీరం గాలిలో విప్పితే గుళికల మీద నీటి బిందువులు పట్టి ఉండొచ్చు. అదీ కాకపోతే బ్యారెల్ వేడెక్కి సరుకు మాడుతోందా, స్క్రూతో పాటు గాలి లోపలికి పోతోందా చూడాలి.

రీగ్రైండ్ అంటే రన్నర్లు (మోల్డ్‌లో సరుకు పారే దారుల్లో గట్టిపడి మిగిలిన ముక్కలు), పనికిరాని మూతలు గ్రైండర్‌లో వేసి చిన్న ముక్కలు చేసి మళ్లీ వాడే సరుకు. బకెట్లకి, మగ్గులకి ఇది మామూలే. మందుల సీసాలకు అలా కాదు. కొన్నవాళ్లతో రాసుకున్న షరతు ఏముందో అదే ఆఖరి మాట. ఎవరైనా కొంచెం కలిపితే ఏమవుతుందిలే అంటే నువ్వు ఒప్పుకోవద్దు. చిన్న ట్రైనీవైనా సరే. గ్రైండర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చున్నీ, జడ గట్టిగా కట్టుకుని వెళ్లు. ఇరుక్కున్న ముక్క తియ్యాలంటే స్విచ్ మాత్రమే కాదు, మెయిన్ ఆపించాకే చెయ్యి పెట్టాలి. పర్జ్ చేసినప్పుడు, అంటే బ్యారెల్‌లోని పాత సరుకుని బయటికి నెట్టినప్పుడు, దాని మూతి (నాజిల్) దగ్గర పడే ముద్ద పైకి గట్టిపడినట్టు కనిపించినా లోపల కరిగే ఉంటుంది, ముట్టుకోవద్దు.

ఇంగ్లిష్ పుస్తకం సంగతి. దాన్ని మొదటి పేజీ నుంచి చదవకు. విషయ సూచికలో పాలీప్రొపిలీన్ ఎక్కడుందో చూసి ఆ నాలుగు పేజీలే చదువు. తర్వాత హెచ్‌డీపీఈ. ఈ రెండూ నీ చేతికి రోజూ తగిలే సరుకులు. నిజానికి నువ్వు సగం చదివేశావు కూడా. డిగ్రీలో జీగ్లర్–నట్టా ఉత్ప్రేరకం పాఠం ఉంటుంది కదా, మీ గోడౌన్‌లో ఉన్న ఆ ఇరవై ఐదు కిలోల సంచుల మూలం అదే. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ ఆ తరహా ఉత్ప్రేరకంతో తక్కువ ఒత్తిడిలోనే హెచ్‌డీపీఈ చేశాడు. మరుసటి ఏడాది ఇటలీలో జూలియో నట్టా పాలీప్రొపిలీన్ తీశాడు. 1963లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. పరీక్ష కోసం చదివిన పాఠం ఇప్పుడు మీ మెషీన్ మీద దానా పోసే హాపర్‌లో ఉంది.

కెమిస్ట్రీ చదివినదానివి కాబట్టి ఒక ప్రయోగం చెప్తాను. మంచినీళ్లలో పీపీ, హెచ్‌డీపీఈ రెండూ తేలతాయి, అలా రెండింటికీ తేడా తెలియదు. ల్యాబ్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటుంది. దాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా కలుపుతూ హైడ్రోమీటర్‌లో సాంద్రత 0.93 దగ్గరికి తీసుకురా. దగ్గర్లో మంట లేకుండా చూసుకో. అందులో రెండు దానాలూ వేసి, గాలి బుడగలు పోయేలా బాగా కలుపు. పీపీ సాంద్రత 0.90 కాబట్టి తేలుతుంది, హెచ్‌డీపీఈ 0.95 కాబట్టి మునుగుతుంది. గోడౌన్‌లో సంచులు కలగాపులగమైన రోజున ఇది పనికొస్తుంది. రంగు వెయ్యని దానాతోనే చెయ్యాలి సుమా. తెల్ల రంగుకి కలిపే టైటానియం డయాక్సైడ్ చాలా బరువైనది, అది కలిసిన పీపీ ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

మిగతా పద్ధతులు ప్రస్తుతానికి పేరుకి తెలిస్తే చాలు. మేడ మీద నీళ్ల ట్యాంకు పొడి రూపంలో ఉన్న పాలిథిలీన్‌ని మోల్డ్‌లో వేసి పొయ్యిలో తిప్పుతూ చేసింది. బోరు పైపు పీవీసీతో, ఎక్స్‌ట్రూజన్‌లో ఏకధాటిగా లాగింది. బియ్యం సంచి పీపీ టేపుని సాగదీసి నేసింది. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రంలోకి వెళ్లే ఫైబర్ పడవలు మాత్రం వేరే జాతి. గాజు నారకి రెసిన్ పట్టించి గట్టిపరిచినవి, మళ్లీ కరగవు. కరెంటు స్విచ్చుల బేకలైట్ కూడా ఆ జాతే. ఇలా మళ్లీ కరగనివాటిని థర్మోసెట్ అంటారు, మీ యూనిట్‌లోవన్నీ థర్మోప్లాస్టిక్‌లు.

పలాస జీడిపప్పు ప్యాకెట్ ఒకటి మాత్రం కొని, తిన్నాక కవరుని జాగ్రత్తగా చూడు. జీడిపప్పులో నూనె ఎక్కువ, ఆక్సిజన్ తగిలితే కాటు వాసన వస్తుంది. పాలిథిలీన్ తేమని బాగా ఆపుతుంది కానీ ఆక్సిజన్‌ని సరిగా ఆపదు. అందుకే మంచి ప్యాకింగ్‌లో దానికి నైలాన్ పొరో, లోహపు పూత వేసిన పాలియెస్టర్ పొరో జోడిస్తారు. ఏ ప్లాస్టిక్ ఎక్కడ వాడాలో నిర్ణయించేది ఇలాంటి లెక్కే. ఆ పొరలు అతుక్కుపోయి ఉండటం వల్లే ఆ కవరుని రీసైకిల్ చెయ్యడం కష్టం.

ఇక్కడే నాన్నగారి మాట దగ్గరికొస్తాను. ఆయన ఊరికే అనలేదు. నాగావళి ఒడ్డున పేరుకున్న కవర్లు చూసిన ఎవరికైనా ఆ బాధ ఉంటుంది. కానీ నిషేధం దేనికో ఆయనకి చెప్పు. 2022 జూలై 1 నుంచి దేశమంతా ఆపినవి ఒక్కసారి వాడి పారేసే స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్ లాంటివి. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీ బ్యాగులు కూడా కుదరవు. మందుల సీసా, నీటి పైపు ఆ జాబితాలో లేవు. వాడకం తగ్గాల్సినచోట తగ్గించాలన్నా, వాడినదాన్ని వేరుచేసి మళ్లీ పనికొచ్చేలా చెయ్యాలన్నా ఏది ఏ ప్లాస్టికో తెలిసినవాళ్లే కావాలి. పాఠం చెప్పడం మీద నీకు నిజంగా మనసుంటే బీఈడీ చెయ్యి, మంచి వృత్తి. ఫ్లోర్ మీద మాటలు అర్థం కావడం లేదన్న భయంతో మాత్రం వెళ్లకు. ఆ భయం కొన్ని నెలల్లో పోయేదే.

సిపెట్ గురించి నా సలహా: వెళ్లు, కానీ ఇప్పుడే కాదు. 1968లో మద్రాసులో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. మన రాష్ట్రంలో దాని కేంద్రం విజయవాడ పక్కన సూరంపల్లిలో ఉంది. సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లకి ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్ అండ్ టెస్టింగ్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది, అది నీకు అచ్చంగా సరిపోతుంది. ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. అయితే ఏడాది పాటు ఫ్లోర్ మీద పనిచేసి వెళ్తే, అక్కడ చెప్పే ప్రతి పాఠానికీ నీ దగ్గర ఒక మూతో సీసానో ఉదాహరణగా ఉంటుంది. ఈ ఏడాదిలో ఇంకో పని కూడా మొదలుపెట్టు. నీ డిగ్రీలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ లేదు, సైన్స్ నుంచి వచ్చినవాళ్లకి కష్టమయ్యేది అదే. మీ టూల్‌రూమ్‌లో ఉన్న మేస్త్రీని అడిగి మీ మూత మోల్డ్ డ్రాయింగ్ ఒకటి చూపించమను. గేట్ ఎక్కడుంది, నీళ్ల దారులు ఎటు వెళ్తున్నాయి, మూతని బయటికి నెట్టే ఎజెక్టర్ పిన్నులు ఎక్కడ తగులుతున్నాయి, ఆయన చెప్తుంటే కాగితం మీద నువ్వే గీసుకో. తర్వాత మోల్డ్‌ని మెయింటెనెన్స్‌కి విప్పిన రోజున పక్కన నిలబడి ఆ కాగితంతో సరిచూసుకో.